రష్ వారం వదులుకోకండి: అమెరికాలో ఫ్రెటర్నిటీలో చేరిన నా అనుభవం

ఇంటర్ అయిపోగానే బ్యాచిలర్స్ చదవడానికి అమెరికా వెళ్లే పిల్లలు మన దగ్గర ఇప్పుడు చాలామందే ఉన్నారు. బంధువుల పిల్లలు, వాళ్ల స్నేహితులు నాకు ఫోన్ చేసి అడిగే ప్రశ్నలు దాదాపు ఒకేలా ఉంటాయి. ఏ బ్యాంకులో అకౌంట్ తెరవాలి, కుక్కర్ తీసుకెళ్లాలా, ఆవకాయ కస్టమ్స్‌లో ఆపుతారా, క్యాంపస్‌లో తెలుగువాళ్లు ఎంతమంది ఉంటారు. అన్నీ అవసరమైనవే. ఫ్రెటర్నిటీల గురించి, అంటే అక్కడి కాలేజీల్లో గ్రీకు అక్షరాల పేర్లతో, చాలావరకు ఒకే ఇంట్లో కలిసి ఉండే అబ్బాయిల సంఘాల గురించి మాత్రం ఎవరూ అడగరు. అడిగినా గొంతు తగ్గించి, "అన్నా, అవి తాగుబోతుల గుంపులటగా" అంటారు.

నేను ఒహాయోలో ఒక పెద్ద ప్రభుత్వ యూనివర్సిటీలో చదివాను. మొదటి సెమిస్టర్‌లోనే ఒక ఫ్రెటర్నిటీలో చేరి, డిగ్రీ చేతికి వచ్చేదాకా అందులోనే ఉన్నాను. ఆ దేశంలో నాకు జరిగిన మంచిలో సగం ఆ ఇంటివల్లే జరిగింది. అందుకే కొత్తగా వెళ్లే పిల్లలకు గట్టిగా చెప్తున్నాను. చేరాలో వద్దో తర్వాత తేల్చుకోవచ్చు, రష్‌కి మాత్రం వెళ్లండి. రష్ అంటే సెమిస్టర్ మొదట్లో ఫ్రెటర్నిటీలన్నీ తలుపులు తెరిచి కొత్తవాళ్లను పిలిచే రోజులు. వాళ్లు మిమ్మల్ని చూస్తారు, మీరు వాళ్లను చూస్తారు. వెళ్లినంత మాత్రాన చేరినట్టు కాదు, సాధారణంగా పెద్ద ఖర్చు కూడా ఉండదు.

నేను వెళ్లింది 2021 ఆగస్టులో. మాది విజయవాడ. ఇంటర్ మొదట్లో హాస్టల్, పొద్దున ఐదింటి నుంచి రాత్రి పదింటి దాకా స్టడీ అవర్లు. తర్వాత కోవిడ్ వచ్చి, మిగిలిన చదువంతా ఇంట్లో ఫోన్ ముందే. ఆ జూన్‌లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఇంటర్ పరీక్షలు కూడా రద్దు చేసింది. ముక్కూ మొహం తెలియని మనిషితో నిలబడి పది నిమిషాలు మాట్లాడాల్సిన అవసరం అప్పటిదాకా నాకు రాలేదు. మన రెసిడెన్షియల్ కాలేజీల్లో చదివిన పిల్లలకు ఇది నేను విడమరిచి చెప్పక్కర్లేదు.

డార్మ్‌లో, అంటే యూనివర్సిటీ హాస్టల్లో దిగగానే మన పిల్లల వాట్సాప్ గ్రూప్ ఒకటి దొరికింది. వాళ్లు నన్ను ఎంతో ఆదుకున్నారు, ఇప్పటికీ స్నేహితులే. కానీ రెండు వారాలు తిరక్కముందే నా రోజు మొత్తం ఒక గీత గీసినట్టు అయిపోయింది. క్లాసు, లైబ్రరీ, ఒకరి గదిలో వంట, అవే కబుర్లు. సీనియర్లలో కొందరు, మూడేళ్లయినా ఒక్క అమెరికన్ ఇంట్లో అడుగు పెట్టలేదని చాలా మామూలుగా చెప్పారు. అది విన్న రాత్రి నాకు నిజంగా టెన్షన్ పట్టుకుంది. నాన్న పొలం మీద అప్పు తెచ్చి పంపింది నేను ఇంకో హాస్టల్ గదిలో కూర్చోవడానికా అనిపించింది.

మా ఫ్లోర్‌లోనే ఒక కుర్రాడు ఉండేవాడు. పశ్చిమ ఒహాయోలో మొక్కజొన్న, సోయా పండించే రైతు కొడుకు. ఒకరోజు లాండ్రీ రూమ్‌లో బట్టలు ఆరేదాకా కూర్చున్నప్పుడు, "నేను రష్‌కి వెళ్తున్నాను, తోడు వస్తావా?" అని అడిగాడు. అతనికీ క్యాంపస్‌లో ఎవరూ తెలియదు. వాళ్ల ఊరి నుంచి ఆ యూనివర్సిటీకి వచ్చింది తనొక్కడే. సరేనన్నాను.

ఇంటికి ఫోన్ చేసి చెప్తే నాన్న అన్న మొదటి మాట, "ర్యాగింగ్ ఉంటుందిరా అందులో. వద్దు." ఆయన భయం ఊరికే వచ్చింది కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ర్యాగింగ్ నిషేధ చట్టం 1997లో వచ్చింది, యూజీసీ దేశమంతటికీ నిబంధనలు పెట్టింది 2009లో. వాటికి ముందు హాస్టళ్లలో ఏం జరిగేదో ఆయన కళ్లారా చూశారు. అమ్మ ఫోన్ అందుకుని, "తాగుడు నేర్పుతారేమో నాన్నా" అంది. ఇద్దరి భయానికీ అక్కడ రుజువులున్నాయి. ఆ ఏడాది మార్చిలోనే ఒహాయోలోని బౌలింగ్ గ్రీన్ స్టేట్ యూనివర్సిటీలో స్టోన్ ఫోల్ట్జ్ అనే విద్యార్థి, ఫ్రెటర్నిటీ కార్యక్రమంలో సీసాడు మద్యం తాగించడంతో చనిపోయాడు. అంతకు ముందు 2018లో ఒహాయో యూనివర్సిటీలో కాలిన్ వయంట్ చనిపోయాడు. అతని పేరుతోనే 2021 జులైలో రాష్ట్రం కాలిన్స్ లా తెచ్చింది. అది వచ్చాక బలవంతంగా తాగించి ఎవరికైనా తీవ్రమైన హాని కలిగితే అది జైలుకు పంపే పెద్ద నేరం అయింది. ఇదంతా నేను నాన్నకు దాచకుండా చెప్పాను.

ఆయన కాసేపు ఆలోచించి, "సరే, చూసి రా. అడగాల్సినవన్నీ అడుగు. ఏ ఒక్కదానికి నీళ్లు నమిలినా వెనక్కి వచ్చెయ్" అన్నారు. ఫోన్‌లోనే ప్రశ్నలు చెప్పారు, నేను నోట్‌బుక్‌లో రాసుకున్నాను. మొత్తం ఎంత కట్టాలి, ఎప్పుడెప్పుడు కట్టాలి. చేరాక మొదటి రెండు నెలలు ఏం చేయిస్తారు. తాగనివాడు ఎంతమంది ఉన్నారు. సగటు జీపీఏ ఎంత. ఇంతకు ముందు ఎప్పుడైనా సస్పెండ్ అయ్యారా, ఎందుకు. మధ్యలో మానేస్తే ఏమవుతుంది. ఎల్‌ఐసీ ఏజెంట్‌గా బతుకంతా మనుషులతో మాట్లాడిన ఆయనకు ఏది ఎక్కడ దాస్తారో బాగా తెలుసు. ఆ పేజీ ఫోటో తీసి ఇప్పటికీ కొత్త పిల్లలకు పంపుతుంటాను.

కోవిడ్ జాగ్రత్తలు ఇంకా ఉండడంతో ఆ ఏడాది రష్ చాలావరకు ఇళ్ల ముందు పచ్చిక మీదే జరిగింది. ఒక్కో ఇంటి ముందు ఒక టెంట్. గ్రిల్ మీద బర్గర్లు. పక్కన కార్న్‌హోల్ ఆడుతుంటారు, అంటే వాలుగా పెట్టిన చెక్కకి ఉన్న రంధ్రంలోకి గింజల సంచి విసిరే ఆట. లోపలికి వెళ్లగానే చొక్కాకి పేరు రాసిన స్టిక్కర్ అంటిస్తారు. ఎవరో ఒకరు వచ్చి చెయ్యి కలిపి, నాలుగైదు నిమిషాలు మాట్లాడి, ఇంకొకరికి పరిచయం చేసి వెళ్తారు. సాయంత్రమంతా ఇంతే. మేజర్ ఏంటి, ఊరేది, హైస్కూల్లో ఏ ఆట ఆడేవాడివి.

ఆట సంగతి అడిగినప్పుడు ఉన్నది ఉన్నట్టు చెప్పాను. మా కాలేజీకి గ్రౌండ్ లేదు, బిల్డింగే కాలేజీ అని. అవతలివాడు ఆశ్చర్యపోయి, "మరి రోజంతా ఏం చేసేవాళ్లు?" అన్నాడు. వారం వారం పెట్టే టెస్టులు, గోడ మీద అంటించే ర్యాంకుల లిస్టు, ఎంసెట్, జేఈఈ అన్నీ చెప్పాను. ఇంకో ఇద్దరు వచ్చి చేరారు. నా ఇంగ్లిష్ వాళ్లకు అర్థమవుతోందా అన్న బెంగ ఆ అరగంటలో పోయింది. తర్వాతి ఏళ్లలో నేను బల్లకు అవతలి వైపు కూర్చున్నాను కాబట్టి ఒక లోపలి మాట చెప్తాను. ప్రతి రష్ కార్యక్రమం అయ్యాక సభ్యులంతా కూర్చుని, వచ్చినవాళ్ల పేర్లు ఒక్కొక్కటే చదివి మాట్లాడుకుంటారు. ఆ చర్చల్లో ఎవరి యాస గురించీ, ఎవరి బట్టల గురించీ మాట రావడం నేను వినలేదు. "ఇతను నన్ను తిరిగి ప్రశ్న అడిగాడు", "నిన్న నేను చెప్పింది ఇవాళ గుర్తు పెట్టుకున్నాడు", ఇవీ వినిపించే మాటలు. తనతో వచ్చిన స్నేహితుల పక్కనే సాయంత్రమంతా నిలబడినవాడి పేరు చదివితే మాత్రం, ఎవరో ఎవరికీ గుర్తొచ్చేది కాదు. కాబట్టి మనవాళ్లు నలుగురు కలిసి వెళ్లినా, గేటు దాటగానే విడిపోండి.

అన్ని ఇళ్లూ ఒకలా ఉండవు. ఒక ఇంట్లో, చేరాక ఏం చేయిస్తారని అడిగితే, "అది చేరాక తెలుస్తుంది" అని ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వారు. తర్వాత బేస్‌మెంట్‌లోకి రమ్మని ఎర్ర కప్పు చేతికివ్వబోయారు. రష్ కార్యక్రమాల్లో మద్యం ఉండకూడదన్నది దాదాపు అన్ని క్యాంపస్‌లలో నియమం. ఆ నియమాన్నే పట్టించుకోని చోట మిగతావి ఎలా ఉంటాయో ఊహించుకోవచ్చు. నేనూ రైతు కొడుకూ అక్కడినుంచి బయటికి వచ్చేశాం.

మా క్యాంపస్‌లో దక్షిణాసియా విద్యార్థుల ఫ్రెటర్నిటీ కూడా ఒకటి ఉంది. వాళ్ల ఇన్ఫో సెషన్‌కీ వెళ్లాను. ఈ ఫ్రెటర్నిటీలు 1990లలో పుట్టాయి. అయోటా ను డెల్టా 1994లో న్యూయార్క్ రాష్ట్రంలోని బింగ్‌హామ్టన్‌లో, సిగ్మా బీటా రో 1996లో పెన్సిల్వేనియా యూనివర్సిటీలో, డెల్టా ఎప్సిలాన్ సై 1998లో ఆస్టిన్‌లోని టెక్సస్ యూనివర్సిటీలో, బీటా కై థీటా 1999లో యూసీఎల్ఏలో మొదలయ్యాయి. అమ్మాయిలకు ఆస్టిన్‌లోనే 1998లో మొదలైన కప్పా ఫై గామా లాంటి సొరోరిటీలు ఉన్నాయి. అక్కడ నన్ను చాలా ఆప్యాయంగా చూశారు. అమెరికాలోనే, ఫ్రిస్కోలోనో ఎడిసన్‌లోనో పుట్టి పెరిగిన తెలుగు పిల్లలు, ఇంట్లో ఒకలా బయట ఒకలా ఉండాల్సి వచ్చిన పిల్లలు, అక్కడ ఎంత తేలిగ్గా ఊపిరి పీల్చుకుంటారో చూశాను. మీరు అలా పెరిగినవాళ్లయితే ముందు అక్కడికే వెళ్లమంటాను. నాకు మనవాళ్లు అప్పటికే ఉన్నారు, లేనిది బయటివాళ్లు. అందుకే నేను ఇంకో ఇల్లు ఎంచుకున్నాను.

ఆ ఇంట్లో నన్ను నిలబెట్టేసింది మేడ మీద వరండా. పొడవైన గోడంతా ఫ్రేములు కట్టిన పెద్ద పెద్ద ఫోటోలు. వాటిని కాంపోజిట్ అంటారు. ఏటా సభ్యులందరి పాస్‌పోర్ట్ సైజు ఫోటోలూ వరుసల్లో పెట్టి, కింద పేర్లు వేసి తయారు చేస్తారు. చివరి నుంచి మొదటికి నడుస్తూ చూశాను. పాతవాటిలో అందరూ తెల్లవాళ్లే. అది యాదృచ్ఛికం కాదు. తెల్లజాతి క్రైస్తవులకే సభ్యత్వం అని చాలా జాతీయ ఫ్రెటర్నిటీలు నిబంధనల్లోనే రాసుకున్నాయి, వాటిలో ఎక్కువభాగం రెండో ప్రపంచ యుద్ధం తర్వాతే, 1950, 60లలో తీసేశాయి. నల్లజాతి విద్యార్థులు ఎదురుచూస్తూ కూర్చోలేదు. 1906లో కార్నెల్‌లో ఆల్ఫా ఫై ఆల్ఫా పెట్టుకున్నారు. మార్టిన్ లూథర్ కింగ్ అందులో సభ్యుడు. 1908లో హోవర్డ్ యూనివర్సిటీలో మొదలైన ఆల్ఫా కప్పా ఆల్ఫా సొరోరిటీలో కమలా హ్యారిస్ సభ్యురాలు. మాకు ఇల్లు చూపిస్తున్న సీనియర్ ఈ చరిత్ర తనంతట తనే చెప్పాడు. ఒక ఫ్రేమ్ దగ్గర ఆగి, "మా చాప్టర్‌లో (ఈ క్యాంపస్ శాఖలో) మొదటి భారతీయుడు ఈయన" అని వేలు పెట్టి చూపించాడు. నల్ల ఫ్రేమ్ కళ్లద్దాలు, వెడల్పు టై, కింద గుజరాతీ ఇంటిపేరు. ఇప్పటికీ హోమ్‌కమింగ్‌కి, అంటే పాత విద్యార్థులు ఏటా క్యాంపస్‌కి తిరిగొచ్చే వేడుకకి వస్తారట. తర్వాత నేనూ ఆయన్ని కలిశాను.

గ్రీకు అక్షరాల సంఘాల మొదలు చాలా పాతది. 1776లో వర్జీనియాలోని విలియం అండ్ మేరీ కాలేజీలో ఫై బీటా కప్పా పుట్టింది, ఇప్పుడది ప్రతిభావంతులకిచ్చే గౌరవ సంఘం. ఈనాటి తరహా ఫ్రెటర్నిటీలు 1825 నుంచి న్యూయార్క్ రాష్ట్రంలోని యూనియన్ కాలేజీలో మొదలయ్యాయి. ఒహాయోకి వస్తే, ఆక్స్‌ఫర్డ్ అనే చిన్న ఊళ్లోని మయామీ యూనివర్సిటీలో బీటా థీటా పై 1839లో, ఫై డెల్టా థీటా 1848లో, సిగ్మా కై 1855లో పుట్టాయి. ఆ రాష్ట్రంలో చదివేవాళ్లకి ఇది తెలిసి ఉంటే రష్‌లో మాట కలపడానికీ పనికొస్తుంది.

చేర్చుకునే ముందు ఆ ఇంటివాళ్లు పెట్టే ఇంటర్వ్యూకి కోటు వేసుకోవాలన్నారు. అక్క పెళ్లికి కుట్టించిన బ్లేజర్ ఉంది, అదే వేసుకున్నాను. ఐదుగురు కూర్చున్నారు. ఒక ప్రశ్న ఇప్పటికీ గుర్తుంది: "నీ స్నేహితుడు కష్టంలో ఉన్నప్పుడు నువ్వేం చేశావో ఒకటి చెప్పు." హాస్టల్లో ఒక రాత్రి ర్యాంకుల లిస్టు చూసి ఏడుస్తూ మేడ మీదికి వెళ్లిపోయిన క్లాస్‌మేట్ గురించి చెప్పాను. వెనకాలే వెళ్లి, కిందికి తీసుకొచ్చి, తెల్లారేదాకా పక్కన కూర్చున్నాను. పొద్దున్నే వాళ్ల నాన్నగారికి నేనే ఫోన్ చేశాను. ఆ సంగతి అంతకు ముందు నన్నెవరూ అడగలేదు, నేనెవరికీ చెప్పలేదు. నా మార్కులు, ర్యాంకులు కాక నేనెలాంటివాణ్ణో తెలుసుకోవాలనుకున్న మొదటి ఇంటర్వ్యూ అది.

తర్వాత "నీకేమైనా ప్రశ్నలున్నాయా?" అన్నారు. నాన్న పేజీ తీశాను. ట్రెజరర్ లాప్‌టాప్ తిప్పి బడ్జెట్ చూపించాడు. కట్టే డబ్బులో ఎంత జాతీయ కార్యాలయానికి పోతుంది, ఎంత ఇన్సూరెన్స్‌కి, ఎంత ఇక్కడ ఖర్చవుతుంది అన్నీ. కొన్నేళ్ల క్రితం ఒక పార్టీ విషయంలో చాప్టర్‌ని ప్రొబేషన్‌లో, అంటే కొంతకాలం నిఘాలో పెట్టారని అధ్యక్షుడు తనే చెప్పాడు. ఆ తర్వాత ఏం మార్చారో కూడా చెప్పాడు. యూనివర్సిటీ ఫ్రెటర్నిటీ ఆఫీసు వెబ్‌సైట్‌లో చూస్తే ఆ మాట అక్షరాలా సరిపోయింది. రాత్రి నాన్నకు చెప్తే, "తప్పు ఒప్పుకున్నవాడి దగ్గర ఉండొచ్చు" అన్నారు.

బిడ్ వచ్చిన రాత్రి కోలాహలం ఇంకా చెవుల్లో ఉంది. బిడ్ అంటే మాతో చేరమని ఇచ్చే రాతపూర్వక ఆహ్వానం. డార్మ్ కారిడార్‌లో పెద్ద గోల, తలుపు మీద దబదబ బాదడం. తీస్తే పదిహేను మంది దాకా ఉన్నారు, నా పేరు పెట్టి పాడుతున్నారు, అదీ పూర్తి పేరు, సరిగ్గా పలుకుతూ. ఎవరో ముందే ప్రాక్టీసు చేయించారట. కవరు నా చేతిలో పెట్టి రెండు గదుల అవతల రైతు కొడుకు తలుపు బాదడానికి పోయారు.

ఆ తర్వాత దాదాపు రెండు నెలల కొత్త సభ్యుడి కాలం. అమ్మానాన్నలు భయపడేది దీని గురించే కాబట్టి కాస్త వివరంగా చెప్తాను. మొదటి పని, హేజింగ్ మీద, అంటే మన ర్యాగింగ్ లాంటి దాని మీద యూనివర్సిటీ పెట్టే శిక్షణ. కాలిన్స్ లా వచ్చాక అది పూర్తి చేయనిదే ఏ విద్యార్థి సంఘంలోనూ ఉండనివ్వరు. తర్వాత ప్రతి పాత సభ్యుడితో విడివిడిగా కూర్చుని అరగంట మాట్లాడాలి. కాఫీ తాగుతూనో, జిమ్‌కి నడుస్తూనో. మొదట నాకిది కష్టమనిపించింది, పోను పోను అదే అన్నిటికన్నా ఇష్టమైంది. క్లీవ్‌లాండ్ స్టీల్ కార్మికుడి కొడుకు, నలుగురు తమ్ముళ్లను చూసుకుంటూ పెరిగినవాడు, సైన్యం నుంచి వచ్చి చదువుతున్న ఇరవై ఆరేళ్లవాడు, తల్లి క్యాన్సర్‌తో ఉంటే ప్రతి శుక్రవారం ఇంటికి వెళ్లేవాడు. డార్మ్‌లో నాలుగేళ్లున్నా ఇంతమంది జీవితాలు నాకు తెలిసేవి కావు.

వారంలో కొన్ని సాయంత్రాలు లైబ్రరీలో స్టడీ అవర్లు తప్పనిసరి. నేను క్యాలిక్యులస్ చెప్పేవాణ్ణి. నా ఇంగ్లిష్ వ్యాసాలను ఒక సీనియర్ పెన్సిల్‌తో దిద్దేవాడు. మనకు అలవాటు ప్రకారం నేను అసలు విషయం చివరి పేరాలో చెప్పేవాణ్ణి. అతను ఆ వాక్యం చుట్టూ గీత గీసి, బాణం గుర్తుతో మొదటి పేరాలోకి లాక్కొచ్చేవాడు. ఆ సెమిస్టర్ రచన కోర్సులో నాకు 'ఏ' గ్రేడు వచ్చిందంటే అతని చలవే. వీటితో పాటు శనివారాలు ఫుడ్ బ్యాంకులో పని, అర్ధరాత్రి పాన్‌కేకులు అమ్మి విరాళాలు పోగు చేయడం, చాప్టర్ చరిత్ర మీద చిన్న పరీక్ష. ఇల్లు ఊడవాల్సి వచ్చినప్పుడు పాత సభ్యులూ చీపురు పట్టారు.

గమనించాల్సింది అదే. ఒక పని మీతో పాటు వాళ్లూ చేస్తున్నారా, లేక మీచేత చేయించి చూస్తున్నారా? ఫోన్ తీసేసుకున్నా, ఇంట్లో చెప్పొద్దన్నా, నిద్ర పోనివ్వకపోయినా, తాగమని ఒత్తిడి చేసినా ఆ క్షణమే వచ్చేయండి. మనలాంటి మొహాలున్న చోట ఇవి జరగవనుకోవద్దు. 2013 డిసెంబరులో ఆసియన్ అమెరికన్ ఫ్రెటర్నిటీ పై డెల్టా సై వాళ్లు కొత్తవాళ్లను పెన్సిల్వేనియాలోని పోకోనో కొండలకు తీసుకెళ్లి చేసిన హేజింగ్‌లో న్యూయార్క్ బరూక్ కాలేజీ విద్యార్థి మైకేల్ డెంగ్ చనిపోయాడు. కోర్టు ఆ సంఘాన్నే దోషిగా తేల్చి, పదేళ్లు ఆ రాష్ట్రంలో అడుగు పెట్టకుండా నిషేధించింది. ఇప్పుడు కొత్తవాళ్లకు నాకు లేని ఒక సౌకర్యం ఉంది. 2024 డిసెంబరులో అమెరికా అంతటికీ వర్తించే స్టాప్ క్యాంపస్ హేజింగ్ చట్టం వచ్చింది. దాని ప్రకారం ఏ సంఘం హేజింగ్ చేసి దొరికిందో యూనివర్సిటీలు ప్రజలకు కనిపించేలా పెట్టాలి. మీ యూనివర్సిటీ పేరుతో హేజింగ్ ట్రాన్స్‌పరెన్సీ రిపోర్ట్ అని వెతికితే దొరుకుతుంది. రష్‌కి వెళ్లే ముందు పది నిమిషాలు దాని మీద పెట్టండి. అమ్మానాన్నలకూ ఆ లింకు పంపండి.

చివర్లో ఇనిషియేషన్, అంటే పూర్తి సభ్యుడిగా చేర్చుకునే కార్యక్రమం. అందులో ఏం జరుగుతుందో బయట చెప్పనని మాట ఇచ్చాను కాబట్టి చెప్పను. మనిషి గౌరవానికి గానీ, నా నమ్మకాలకు గానీ ఇబ్బంది కలిగేది ఏదీ లేదు. కొన్ని ఫ్రెటర్నిటీలకు క్రైస్తవ నేపథ్యం ఉంటుంది, అది మీకు ముఖ్యమైతే చేరకముందే అడగండి. సూటిగానే చెప్తారు.

ఆ నవంబరులో థాంక్స్‌గివింగ్ సెలవులకి డార్మ్ ఖాళీ అయిపోయింది. రైతు కొడుకు నన్ను వాళ్లింటికి తీసుకెళ్లాడు. వాళ్ల నాన్నగారు మాటకారి కాదు. షెడ్‌లో కంబైన్ చూపించి, మీ ఇంట్లో ఏం పండిస్తారని అడిగారు. గుడివాడ దగ్గర తాతయ్య వరి పొలం గురించి, కృష్ణా కాలువ నీళ్ల గురించి చెప్పాను. ఎకరానికి ఎంత వస్తుందన్నారు. ముప్పై బస్తాలు, బస్తా 75 కిలోలు అన్నాను. ఆయన లెక్క బుషెళ్లలో. మొక్కజొన్న బుషెల్ 56 పౌండ్లు, అంటే పాతిక కిలోల పైచిలుకు. వంటింటి బల్ల మీద ఒక కవరు వెనక ఇద్దరం కూర్చుని లెక్కలు కట్టాం, మన బస్తా ఆయనకు దాదాపు మూడు బుషెళ్లు. ఆయన నీళ్లకు వాన మీదే ఆధారపడతారు, కాలువకి వంతులెలా వేస్తారో తెలుసుకోవాలని చాలాసేపు అడిగారు. మర్నాడు వీడియో కాల్‌లో తాతయ్యతో మాట్లాడించాను. మధ్యలో నేను అనువాదం. ఎరువుల ధర దగ్గరికి వచ్చేసరికి ఇద్దరూ ఒకే రకంగా తల ఊపారు. ఇప్పటికీ తాతయ్య, "ఆ ఒహాయో ఆసామి ఎలా ఉన్నాడ్రా" అని అడుగుతుంటారు.

మూడో ఏడాది నన్ను ట్రెజరర్‌గా ఎన్నుకున్నారు. పది వేల డాలర్ల లెక్కలు ఇరవై ఏళ్లవాడి చేతిలో పెడితే వచ్చే బాధ్యత ఏ కోర్సులోనూ రాదు. స్నేహితుడు డ్యూస్, అంటే సభ్యత్వ రుసుము కట్టలేకపోతే, అవమానం కాకుండా వాయిదాలు ఎలా వేయాలి. హోమ్‌కమింగ్‌కి ఇంకో వెయ్యి కావాలని అరుస్తున్న గదిలో లేచి నిలబడి, "లేవు" అని ఎలా చెప్పాలి. ఆదివారం మీటింగుల్లో ప్రతిదానికీ తీర్మానం పెట్టాలి, ఇంకొకరు బలపరచాలి, ఓటు వేయాలి. ఇంటర్న్‌షిప్ వేట మొదలయ్యాక కొలంబస్‌లో పనిచేసే పాత సభ్యుడొకాయన జూమ్‌లో మాక్ ఇంటర్వ్యూలు చేశారు. ఉద్యోగం ఇప్పించలేదు, నేనూ అడగలేదు. కానీ అసలు ఇంటర్వ్యూలో "ఒక గొడవ ఎలా పరిష్కరించావు" అని అడిగినప్పుడు, చెప్పడానికి నా దగ్గర ట్రెజరర్ పని ఇచ్చిన నిజమైన కథలున్నాయి.

డబ్బు సంగతి. డ్యూస్ క్యాంపస్‌ని బట్టి సెమిస్టర్‌కి కొన్ని వందల డాలర్ల నుంచి వెయ్యి దాటే దాకా ఉంటాయి, మొదటి సెమిస్టర్‌లో ఇనిషియేషన్ ఫీజు అదనం. ఇంట్లో ఉంటే అద్దె, భోజనం వేరే. మా యూనివర్సిటీ ఊళ్లో ఫ్రెటర్నిటీ ఇంటి అద్దె డార్మ్ కన్నా తక్కువే పడింది, అన్ని చోట్లా అలా ఉండదు. ఎఫ్-1 వీసా మీద సెమిస్టర్ జరుగుతున్నప్పుడు క్యాంపస్‌లో వారానికి 20 గంటలే పని చేయగలం. నేను డైనింగ్ హాల్‌లో పని చేసి వాయిదాల్లో కట్టాను. ఇంటి మీద భారం పడుతుందంటే ఒక ఏడాది ఆగి చేరండి, రెండో ఏడాదిలో చేరేవాళ్లు చాలామంది ఉంటారు.

మద్యం గురించి వీసా మీద వెళ్లేవాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. అమెరికాలో 21 ఏళ్లు నిండకుండా తాగడం చట్టవిరుద్ధం. పోలీసు కేసు పడితే అక్కడి పిల్లలకు జరిమానాతో పోవచ్చు, మనకు వీసాకే చిక్కు. నేను తాగను, ఏ ఒక్కరూ ఒత్తిడి చేయలేదు. జాతీయ స్థాయిలో కూడా మార్పు వచ్చింది. ఫై డెల్టా థీటా 2000 నుంచి తన ఇళ్లలో మద్యమే ఉండకూడదంది. ఫ్రెటర్నిటీల ఉమ్మడి సంస్థ 15 శాతం మించిన ఆల్కహాల్ ఉన్న మద్యాన్ని చాప్టర్ ఇళ్లలో 2019 సెప్టెంబరు నుంచి నిషేధించింది. కాగితం మీది నియమం ఇంట్లో అమలవుతోందా అన్నది మీరు వెళ్లి చూస్తేనే తెలుస్తుంది.

అమ్మాయిలకు సొరోరిటీల పద్ధతి కొంచెం వేరు. పెద్ద యూనివర్సిటీల్లో వాళ్ల రిక్రూట్‌మెంట్‌కి ముందే పేరు నమోదు చేసుకోవాలి, ఫీజు ఉంటుంది, అన్ని ఇళ్లకూ వరుసగా తీసుకెళ్తారు. చాలాచోట్ల క్లాసులు మొదలవడానికి ముందే అయిపోతుంది. కాబట్టి అడ్మిషన్ రాగానే తేదీలు చూసుకుని ఫ్లైట్ టికెట్ దానికి తగ్గట్టు బుక్ చేసుకోండి. అబ్బాయిలకు చాలా క్యాంపస్‌లలో ఆగస్టు చివర, సెప్టెంబరులో రష్. కొన్ని యూనివర్సిటీలు మొదటి సెమిస్టర్ మార్కులు వచ్చేదాకా కొత్తవాళ్లను చేరనివ్వవు. ఎక్కువ చాప్టర్లు కనీసం 2.5 పైన జీపీఏ అడుగుతాయి. ఫాల్‌లో, అంటే ఆగస్టులో మొదలయ్యే సెమిస్టర్‌లో కుదరకపోతే జనవరిలో మళ్లీ రష్ ఉంటుంది. అప్పుడు వచ్చేవాళ్లు తక్కువ, టెంట్ కింద తోపులాట ఉండదు, సభ్యులు తీరిగ్గా కూర్చుని మాట్లాడతారు. చలికోటు మర్చిపోకండి, ఒహాయోలో జనవరి సాయంత్రాలు మంచులో ఇంటింటికీ నడవాలి.